పంటి నొప్పి పట్టిన నైటింగేల్: ఎరిక్ సాతీ రాతలు, బొమ్మల మీద అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మా పాప వాయిస్తున్న పాట రాసినాయన జన్మంతా తెల్లటి పదార్థాలే తిన్నాడట, నిజమేనా?" పోయిన నెల ఒక విద్యార్థిని వాళ్ళమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ చూసిన వీడియోలో అలాగే చెప్పారట.

ఇరవై ఏళ్ళుగా పియానో నేర్పుతున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో నేను ఎక్కువసార్లు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చిన స్వరకర్త ఎరిక్ సాతీ. 1866లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, ఓన్‌ఫ్లర్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. 1925లో పారిస్‌లో పోయాడు. ఆయన రాసిన మొదటి 'జిమ్నోపెదీ' పేరు తెలియకపోయినా ఏ సినిమాలోనో, ప్రకటనలోనో మీ చెవిన పడే ఉంటుంది. కానీ ఆయన పేరు చెప్పగానే జనం మాట్లాడేది సంగీతం గురించి కాదు. ఆయన రాసిన తమాషా రాతల గురించి, గీసుకున్న బొమ్మల గురించి, గొడుగుల గురించి. అపోహలన్నీ అక్కడే పుట్టాయి.

అపోహ: సాతీ తెల్లటి తిండే తినేవాడు, గడియారం ప్రకారం సంగీతం రాసేవాడు.

వాస్తవం: ఇదంతా ఆయన సరదాకి రాసిన వ్యాసంలోది. 1912 నుంచి 1914 దాకా ఒక పారిస్ సంగీత పత్రికలో 'మతిమరుపు మనిషి జ్ఞాపకాలు' అనే పేరుతో చిన్న చిన్న వ్యాసాలు రాశాడు. మతిమరుపు ఉన్నవాడికి జ్ఞాపకాలేమిటి? ఆ పేరులోనే విషయం ఉంది. 1913లో వచ్చిన భాగంలో ఒక సంగీతకారుడి దినచర్య చెబుతాడు. పొద్దున 7:18కి లేస్తాడట. 10:23 నుంచి 11:47 వరకు స్ఫూర్తి వస్తుందట. 12:11కి భోజనానికి కూర్చుని 12:14కి లేచిపోతాడట. మధ్యాహ్నం తన తోటలో గుర్రపు స్వారీ. తినేవేమో అన్నీ తెల్లవే: గుడ్లు, పంచదార, తురిమిన ఎముకలు, కొబ్బరికాయలు, అన్నం, పత్తితో చేసిన సలాడ్. గంటకోసారి నౌకరు వచ్చి ఒంట్లో జ్వరం చూసి, ఆ జ్వరం తీసుకుని ఇంకో జ్వరం ఇచ్చి వెళ్తాడట.

ఇది రాసిన మనిషికి తోట లేదు, గుర్రం లేదు, నౌకరూ లేడు. పారిస్ శివార్లలోని అర్కోయ్‌లో ఒకే ఒక్క గదిలో ఉండేవాడు. ఆ గదికి నీటి కుళాయి కూడా లేదు. ఇంక తిండి సంగతంటారా, భోజనప్రియుడు. స్నేహితుడు, స్వరకర్త దెబుస్సీ తన చేత్తో వండిపెట్టిన గుడ్లనీ గొర్రె మాంసాన్నీ ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా తలుచుకుని రాశాడు. గొప్ప స్వరకర్తలు ఎప్పుడు లేస్తారు, ఏం తింటారు అని ఆరాధనగా రాసే ధోరణి మీద ఆయన వేసిన చురక ఆ వ్యాసం. నూరేళ్ళ తర్వాత దాన్నే ఆయన జీవిత చరిత్రగా చెప్పుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

అపోహ: సంగీతం సరిగా రాదు కాబట్టి జోకులతో కప్పిపుచ్చుకున్నాడు.

వాస్తవం: ఈ మాటకు సగం ఆధారం ఆయనే ఇచ్చాడు. అదే వ్యాసాల్లో "నేను సంగీతకారుణ్ణి కానని అందరూ చెబుతారు, నిజమే" అని మొదలుపెట్టి, తనను తాను శబ్దాలు కొలిచేవాడిగా పరిచయం చేసుకుంటాడు. శబ్దాన్ని వినడం కంటే కొలవడంలోనే తనకు ఆనందం ఉందంటాడు. ఒకసారి మామూలు సైజు బి-ఫ్లాట్‌ను, అంటే ఒక స్వరాన్ని, పరికరంలో పెట్టి చూశాడట, అంత అసహ్యమైనది జన్మలో చూడలేదట.

కుర్రతనంలో పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఆయనకు మంచి పేరు రాలేదు, అది నిజమే. కానీ 1905లో, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, దెబుస్సీ వద్దన్నా వినకుండా స్కోలా కాంటోరుమ్ అనే సంగీత పాఠశాలలో చేరాడు. తనకంటే బాగా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని కౌంటర్‌పాయింట్, అంటే ఒకేసారి నడిచే రెండు మూడు రాగ వరసలను అల్లే విద్య, నేర్చుకున్నాడు. 1908లో 'చాలా బాగు' అనే గుర్తింపుతో డిప్లొమా అందుకున్నాడు. హాస్యపు పియానో రచనల్లో చాలా భాగం 1912 నుంచి 1917 లోపు వచ్చాయి. అంటే ఆ చదువు ముగిశాకే. వాయించి చూస్తే తెలుస్తుంది, అందులో ఒక్క స్వరం కూడా అనవసరంగా ఉండదు. నలభై ఏళ్ళకు మళ్ళీ పలక పట్టిన మనిషికి సంగీతం రాదంటే నేను ఒప్పుకోను.

అపోహ: స్కోర్‌లో, అంటే స్వరాలు రాసిన కాగితంలో, ఉన్న మాటల్ని ప్రేక్షకులకు చదివి వినిపించాలి.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

సాతీ స్కోర్లలో స్వరాల మధ్య చిన్న చిన్న వాక్యాలు ఉంటాయి. 'గ్నోసియెన్' అనే పియానో రచనల్లో మొదటిదానిలో బార్ లైన్లు, అంటే తాళాన్ని విడదీసే నిలువు గీతలు, ఉండవు. 'మెల్లగా', 'గట్టిగా' అనే మామూలు సూచనలకు బదులు 'ఆలోచన కొసతో', 'నాలుక మీద' అని ఉంటుంది. 1913లో రాసిన 'ఎండిన పిండాలు' సముద్ర జీవుల మీద మూడు ముక్కలు, అంటే మూడు చిన్న పియానో రచనలు. అందులో సముద్ర దోసకాయ గురించిన మొదటి ముక్కలో ఒక చోట 'పంటి నొప్పి పట్టిన నైటింగేల్‌లా' వాయించమంటాడు. నైటింగేల్ అంటే తీయగా పాడే పిట్ట.

చాలా ఏళ్ళ కిందట మా పిల్లల కార్యక్రమంలో ఒక అమ్మాయి వాయిస్తుంటే ఇంకో అబ్బాయితో ఈ వాక్యాలు మైకులో చదివించాను. హాలంతా నవ్వులు. చప్పట్లూ బాగానే పడ్డాయి. కానీ ఆ అమ్మాయి వేళ్ళ కింద ఏం జరిగిందో ఎవరికీ వినపడలేదు. స్టేజి దిగి వచ్చి "నేను వాయించింది విన్నారా మిస్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

వాస్తవం: 1914లో రాసిన మూడు పియానో ముక్కల ముందు సాతీ స్పష్టంగా హెచ్చరిక రాశాడు. సంగీతం వాయిస్తున్నంతసేపూ ఆ మాటల్ని బిగ్గరగా చదవడాన్ని నిషేధిస్తున్నానని, ఎవరైనా అతిక్రమిస్తే తన న్యాయమైన ఆగ్రహానికి గురవుతారని, ఎవరికీ మినహాయింపు లేదని. ఆ హెచ్చరికలోనూ తమాషా ఉంది, కానీ అభిప్రాయం మాత్రం నిజం. అవి వాయించేవాడికి రాసిన ఉత్తరాలు. చెవిలో చెప్పిన మాటని మైకులో చెబితే ఏమవుతుందో ఆ రోజు చూశాను.

ఆ మాటలు లోపల చదువుకుంటే చెయ్యి మారుతుంది. 'నాలుక మీద' అన్న చోట నా విద్యార్థులకు నేను వేరే ఏమీ చెప్పను, ఆ మాటే చదవమంటాను. చాలామంది మీటను నొక్కడం మానేసి తాకడం మొదలుపెడతారు. అదే 'పియానో' (మెల్లగా అనే మామూలు సూచన) అని రాసి ఉంటే శబ్దం తగ్గిస్తారు, అంతే.

ఇంకో చోట, 'ఎండిన పిండాలు' రెండో ముక్కలో, ఆ జీవులన్నీ ఏడవడం మొదలుపెట్టినప్పుడు 'షూబర్ట్ ప్రసిద్ధ మజుర్కా నుంచి' అని రాసి ఉంటుంది. వినిపించేది మాత్రం మరో స్వరకర్త షోపాన్ రాసిన శవయాత్ర మార్చ్ మధ్య భాగం. ఒక బుద్ధిమంతుడైన విద్యార్థి పెన్సిల్‌తో 'షూబర్ట్' కొట్టేసి 'షోపాన్' అని దిద్దుకొచ్చాడు. చెరిపించాను. ఆ తప్పు కావాలని పెట్టినది. మనం దుఃఖం అనుకుని అలవాటుగా తల దించే బాణీని, ఎవరిదో కూడా పట్టించుకోకుండా వింటున్నామని వాయించేవాడికి గుర్తు చేస్తోంది.

పియానో నేర్చుకునేవాళ్ళకు బాగా దగ్గరైన ఉదాహరణ 1917 నాటి 'ఆఫీసు సొనాటినా'. పాతకాలపు స్వరకర్త క్లెమెంటి ఓపస్ 36లోని మొదటి సొనాటినా (చిన్న సొనాటా) మన దగ్గర గ్రేడ్ పరీక్షలకు వెళ్ళే పిల్లల్లో చాలామంది చేతుల మీదుగా వెళ్తుంది. సాతీ దాని ఎముకల గూడు అలాగే ఉంచి లోపల ఒక గుమాస్తాను పెట్టాడు. హుషారుగా ఆఫీసుకి బయల్దేరతాడు. ఒక అందమైన ఆవిడ మీద ప్రేమ. తన కలం మీద, చొక్కా చేతుల మీద వేసుకునే ఆకుపచ్చ తొడుగుల మీద కూడా అంతే ప్రేమ. రెండో భాగంలో ప్రమోషన్ గురించి కలలు, అసలు ప్రమోషన్ అక్కర్లేకుండానే జీతం పెరుగుతుందేమోనని ఆశ. మూడో భాగంలో పక్కింట్లో ఎవరో పియానో మీద క్లెమెంటి వాయిస్తుంటారు, అది వింటూ దిగులుపడతాడు. ఆ భాగం పైన 'వివాచే' (హుషారుగా) అని ఉండాల్సిన చోట ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి 'వివాష్' అని పెట్టాడు. 'వాష్' అంటే ఫ్రెంచిలో ఆవు. రెండు సొనాటినాలూ పక్కపక్కన పెట్టుకుని వాయించండి. వెక్కిరింత కంటే ముందు ఆ గుమాస్తా మీద జాలి వినిపిస్తుంది. కనీసం నాకు అలాగే వినిపిస్తుంది.

అపోహ: 'వెక్సాసియోన్' అనే ముక్కని 840 సార్లు వాయించాలని ఆజ్ఞాపించాడు.

వాస్తవం: 1893 నాటి ఒక్క పేజీ అది. పైన రాసిన మాట ఆజ్ఞలా లేదు. దీన్ని వరసగా 840 సార్లు తనకు తాను వాయించుకోవాలంటే ముందుగా గొప్ప నిశ్శబ్దంలో, గంభీరంగా కదలకుండా ఉండి సిద్ధపడటం మంచిది అని మాత్రమే ఉంది. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. 1963 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ పియానిస్టులను వంతులవారీగా కూర్చోబెట్టి మొత్తం వాయింపజేశాడు. పద్దెనిమిది గంటలు దాటింది. అది కేజ్ ఎంచుకున్న అర్థం, గౌరవించదగ్గదే. మీరు ఇంట్లో ఒక్కసారి వాయిస్తే సాతీకి ద్రోహం చేసినట్టు కాదు.

'బేరీపండు ఆకారంలో మూడు ముక్కలు' అనే రచనలో ఏడు ముక్కలున్నాయి. లెక్క తెలియక కాదు, అదీ తమాషాయే.

అపోహ: గదిలో దొరికిన బొమ్మలు ఆయనకు మతి చలించిందనడానికి సాక్ష్యం.

వాస్తవం: అర్కోయ్ గదిలో ఆయన 27 ఏళ్ళు ఉన్నాడు. స్నేహితులెవర్నీ లోపలికి రానివ్వలేదు. పోయిన తర్వాత తలుపు తీస్తే దుమ్ము, గొడుగులు, రాతప్రతులు, వాటితోపాటు వేలకొద్దీ చిన్న చీటీలు బయటపడ్డాయి. వాటిమీద సన్నటి కలంతో గీసిన కోటలు, ఓడలు, గోపురాలు. పోత ఇనుముతో కట్టిన కోట అద్దెకు ఇవ్వబడును అన్న తరహా ప్రకటనలు, పాత గోథిక్ రాతలో, గీత చెదరకుండా.

ఆ చీటీల ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయన స్కోర్ రాసే పద్ధతే. 1914లో చిత్రకారుడు షార్ల్ మార్తాఁ బొమ్మలతో కలిపి అచ్చు వేయడానికి 'ఆటలూ వినోదాలూ' రాశాడు. ముందు ఒక చిన్న కీర్తన, తర్వాత ఇరవై ముక్కలు, ఒక్కోటీ నిమిషం అటూ ఇటూ. స్వర గీతలు ఎర్ర సిరాతో, స్వరాలు నల్ల సిరాతో తన చేత్తోనే రాశాడు. పుస్తకంలో ఆ చేతిరాతనే యథాతథంగా అచ్చు వేశారు. ఉయ్యాల ముక్కలో ఎడమచెయ్యి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. 'ఎప్పటికీ ఆగని టాంగో'కి ముగింపు లేదు, వెనక్కి వెళ్ళే గుర్తు మాత్రమే ఉంది. ఈ పుస్తకాన్ని స్నేహంగా, నవ్వుతున్న వేలితో తిప్పమని ముందుమాటలో అడిగాడు. మతి చలించిన చెయ్యి కాదు అది, పొద్దుపోయాక దీపం కింద ఓపిగ్గా కూర్చున్న చెయ్యి.

అదే మనిషి అర్కోయ్‌లో పేద పిల్లల్ని విహారాలకు తీసుకెళ్ళేవాడు. ఊరికి చేసిన సేవకు 1909లో ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది.

ఆయన హాస్యమంతా మెత్తనిదేనని కూడా అనుకోవద్దు. 1917లో తాను సంగీతం రాసిన 'పరాద్' బ్యాలేని (నృత్య నాటకాన్ని) తిట్టిన విమర్శకుడికి బూతు మాటలతో పోస్టుకార్డులు పంపాడు. కవరులో పెట్టినా బాగుండేది, కార్డంటే దారిలో ఎవరైనా చదవొచ్చు కదా. కోర్టు ఎనిమిది రోజుల జైలు శిక్ష వేసింది, తర్వాత దాన్ని నిలిపివేశారు.

మొదట చెప్పిన ఆ తల్లి దగ్గరికి వస్తాను. వాళ్ళ పాప వాయిస్తున్నది 1913లో సాతీ చిన్నపిల్లల కోసం రాసిన 'బాదం చాక్లెట్ వాల్ట్జ్'. చెయ్యి పక్కకు జరపకుండా అయిదు వేళ్ళూ అయిదు మీటల మీదే ఉంచి వాయించొచ్చు. స్వరాల మధ్య ఒక పిల్లాడు, వాళ్ళమ్మ మాట్లాడుకుంటుంటారు. చాక్లెట్ నోట్లో కరగనివ్వమంటుంది అమ్మ. "అమ్మా, ఇందులో బొమిక ఉంది!" "కాదు నాన్నా, అది బాదంపప్పు." పెట్టె మొత్తం తినేస్తానంటాడు వాడు. అమ్మ మెల్లగా వద్దంటుంది. కోపంతో కాళ్ళు నేలకేసి కొడతాడు.

ఆ పేజీ ఆవిడ ముందు పెట్టి, ఫ్రెంచి మాటల కింద నేను పెన్సిల్‌తో రాసిన తెలుగు చూపించాను. "ఇది పైకి చదవాలా మేడమ్?" అన్నారు. వద్దండీ, పాప వాయిస్తుంటే మీలో మీరే చదువుకోండి అన్నాను. పాప మొదలుపెట్టింది. ఆవిడ వేలు గీత వెంట నెమ్మదిగా జరిగింది. బొమిక దగ్గరికి రాగానే నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాప వెనక్కి తిరగలేదు, తాళం తప్పలేదు, కానీ ఆ పిల్ల బుగ్గ మీద సొట్ట పడటం నాకు పక్కనుంచి కనిపించింది.