పొట్లంలో నాలుగు మాత్రలు

మా పెద్దమ్మకు ఉబ్బసం. కార్తీకమాసం దగ్గర పడిందంటే ఆయాసం మొదలవుతుంది. అనంతపురం పల్లెల్లో చెనక్కాయ చెట్లు పెరికి, ఎండబెట్టి, మిషన్ వేసి కాయలు విడిపించే రోజులవి. ఎర్రమట్టీ, నలిగిన ఎండాకూ కలిసి ఊరంతా దుమ్ము లేస్తుంది. రాత్రి రెండు గంటలప్పుడు ఆమె మంచం మీద లేచి కూర్చుని గస పెడుతుంటే పిల్లికూతలు పక్క గదిలోకి వినిపిస్తాయి. తెల్లవారగానే ఊళ్లో మందులిచ్చే ఆయన దగ్గరికి పోయి కాగితం పొట్లం తెచ్చుకుంటుంది. లోపల నాలుగు రకాల మాత్రలు. వేటికీ పేరుండదు.

ఇన్‌హేలర్, అంటే మందు పీల్చే పంపు, వాడమంటే ఒప్పుకునేది కాదు. “పంపు అలవాటైతే సచ్చేదాకా వదలదంట నాయనా, మాత్రలే మేలు” అనేది. ఈ మాట మా వైపు చాలా ఇళ్లలో విన్నాను. మాత్ర తేలిక మందు, పంపు ఆఖరి మందు అని జనం లెక్క. నిజం ఇందుకు తలకిందులుగా ఉంది.

పోయినేడు పట్టుబట్టి ఆ మాత్రల అట్టలు తెప్పించి పేర్లు చదివాను. మొదటిది సాల్బుటమాల్, 2 మిల్లీగ్రాములు. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండ బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, జిగట కళ్లె చేరుతుంది. సాల్బుటమాల్ ఆ కండను వదులు చేస్తుంది. పంపులోనూ ఇదే మందు, మామూలుగా ఒక్కో పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. అంటే ఆ చిన్న మాత్రలో 20 పఫ్‌ల మందు ఉంది! పీల్చిన మందు నేరుగా గొట్టాల్లోకి పోయి నిమిషాల్లో పని చేస్తుంది. మింగినది కడుపు, కాలేయం, రక్తం అన్నీ తిరిగి అక్కడికి చేరాలి. దారిలో గుండెనూ, చేతి కండరాలనూ తాకుతుంది. మాత్ర వేసుకున్నాక పెద్దమ్మకు గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఇన్నాళ్లూ అది వయసు వల్ల అనుకున్నాం.

రెండోది ఎటోఫిలిన్, థియోఫిలిన్ కలిపిన మాత్ర. ఇదీ ఊపిరి గొట్టాలను వదులు చేసేదే. థియోఫిలిన్‌ను 1888లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకు నుంచి వేరు చేశాడు. కాఫీలోని కెఫీన్‌కు ఇది దగ్గరి చుట్టం. పాత మందు, చవక మందు. చెడ్డదని నేననను. కానీ మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే వాంతులు, గుండెదడ, మరీ ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. ఆ కాస్త ఎడాన్నీ రోజువారీ పనులే చెరిపేస్తాయి. బీడీ పొగ వల్ల కాలేయం ఈ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. కాబట్టి బీడీ మానేసిన మనిషికి పాత మోతాదే ఎక్కువైపోవచ్చు. విరేచనాలకని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నా థియోఫిలిన్ రక్తంలో పేరుకుపోతుంది. పేరు లేని పొట్లం ఎంత ప్రమాదమో ఇక్కడే నాకు అర్థమైంది. వేరే డాక్టరు “ఏం మందులు వాడుతున్నావమ్మా?” అని అడిగితే ఆమె “తెల్ల మాత్ర” అని తప్ప ఏం చెప్పగలదు?

మూడోది మాంటెలుకాస్ట్, లీవోసెట్రిజిన్ అనే అలర్జీ మందుతో కలిపి. తుమ్ములు, ముక్కు కారడం తోడుగా ఉన్న ఉబ్బసానికి రాత్రిపూట ఇస్తుంటారు. వాపు పెంచే ల్యూకోట్రైన్లు అనే ఒంటి రసాయనాల పనిని మాంటెలుకాస్ట్ అడ్డుకుంటుంది. అప్పటికప్పుడు ఆయాసం ఆపేది మాత్రం కాదు. కొందరిలో పీడకలలు, దిగులు, అరుదుగా చచ్చిపోవాలన్న ఆలోచనలు కలిగిస్తుందని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్పించింది. పిల్లలకు ఇస్తున్నవాళ్లు వాళ్ల నిద్రనూ, నడవడికనూ గమనించాలి.

నాలుగోది, అన్నిటికంటే చిన్నది, ప్రెడ్నిసోలోన్. గొట్టాల లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్. పొట్లం “బాగా పని చేసేది” చాలావరకు దీనివల్లే. దీన్ని చూసి భయపడాలని చెప్పడం లేదు. ఉబ్బసం బాగా ముదిరినప్పుడు డాక్టరు ఐదు నుంచి ఏడు రోజులు ఇచ్చే కోర్సు ప్రాణం కాపాడుతుంది. పని మొదలుపెట్టడానికే కొన్ని గంటలు పడుతుంది కాబట్టి మాట పూర్తి చేయలేనంతగా ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా మాత్ర మింగి ఎదురుచూడకూడదు. సాల్బుటమాల్ పంపు వాడుతూనే 108కి ఫోన్ చేయాలి.

నెలల తరబడి మింగితే మాత్రం ఒళ్లంతా మూల్యం చెల్లిస్తుంది. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. పెద్దమ్మ ముఖం నిండుగా అయితే “ఒళ్లు చేసింది” అని మేమంతా సంతోషించాం. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తూ ఉంటే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా తయారు చేయడం తగ్గించేస్తాయి. అందుకే ఎక్కువ కాలం వాడినవాళ్లు భయపడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

అనంతపురంలో చూపించినప్పుడు డాక్టరు అట్టలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ప్రెడ్నిసోలోన్‌ను కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గించారు. రోజూ పీల్చే స్టెరాయిడ్ పంపు రాసి, మందు గొంతులోనే ఆగిపోకుండా స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం కూడా ఇచ్చారు. సాల్బుటమాల్, థియోఫిలిన్ మాత్రలు ఆపించారు. మాంటెలుకాస్ట్ రాత్రికి ఉంచారు.

మొన్నటి కార్తీకంలోనూ ఆయాసం వచ్చింది, రెండు రాత్రులు. చెయ్యి మాత్రం వణకలేదు. స్టెరాయిడ్ పంపు పీల్చాక నోరు పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లటి బూజు పట్టొచ్చు. ఆ సంగతి గుర్తు చేయడానికి పొద్దునా రాత్రీ నేనే ఫోన్ చేస్తున్నాను.