పిడుదు కరిచిన మర్నాడే రక్తపరీక్షా?

మే నెల వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలు. న్యూజెర్సీలో ల్యాబ్‌లో పనిచేస్తానని తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు. "అక్కా, నిన్న పార్కు నుంచి వచ్చాక బాబు మోకాలి వెనక టిక్ కనిపించింది, పీకేశాం, ఇవాళే లైమ్ టెస్ట్ చేయించమంటారా?"

వద్దు తల్లీ. లైమ్ అంటే టిక్, అదే పిడుదు, కరిస్తే వచ్చే జబ్బు. ఆ టెస్ట్ వెతికేది దానికి కారణమైన బొరేలియా క్రిమిని కాదు, దాని మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలని. అవి పరీక్షకు అందేంత తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. మర్నాడే రక్తం ఇస్తే నెగటివ్ రాక ఏమొస్తుంది? ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఉండిపోతారు, కొంప మునిగేది అక్కడే. మా బంధువు ఒకాయన పది రోజులకి తొడ మీద మచ్చ వచ్చి రోజురోజుకీ పెద్దదవుతున్నా, టెస్ట్ నెగటివ్ కదా, ఎలర్జీ అయ్యుంటుందని ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చున్నాడు. నెల తిరిగేసరికి మూతి ఒక పక్కకి వాలిపోయింది. మందులతో తగ్గింది లెండి. అలా పాకే మచ్చ కనిపిస్తే రక్తపరీక్షతో పనే లేదు, డాక్టర్ చూసి మందు మొదలుపెడతారు. పైగా మన ఒంటిరంగు మీద అది ఫొటోల్లో చూపించే ఎర్రటి చక్రంలా ఉండకపోవచ్చు, కమిలినట్టు కనబడొచ్చు.

మర్నాడు చేయాల్సింది డాక్టర్‌కి ఫోన్. నల్లకాళ్ల టిక్ అయి, 36 గంటలకు పైగా అతుక్కుని ఉంటే, పీకిన 72 గంటల్లోపు జబ్బు రాకుండా ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు.

ఇక మిగతావి. పీకిన టిక్‌ని డబ్బులు పెట్టి టెస్ట్‌కి పంపక్కర్లేదు, దాంట్లో క్రిమి ఉన్నంత మాత్రాన మీకు ఎక్కినట్టు కాదు. జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి, మళ్లీ మళ్లీ టెస్ట్ చేయించి టెన్షన్ పడకండి. లైమ్‌ని నిర్ధారించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో యాంటీబాడీలు గీతల్లా, అంటే బ్యాండ్లుగా, కనబడతాయి. అందులో 41 బ్యాండ్ ఒక్కటి కనిపించిందని రాత్రంతా ఏడ్చిన అమ్మాయి నాకు తెలుసు, పాపం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా అది కనిపిస్తుంది. ఐజీజీ (ఆలస్యంగా తయారయ్యే రకం యాంటీబాడీ) పాజిటివ్ అనాలంటే పదింట్లో ఐదు బ్యాండ్లు ఉండాలి.

లైమ్ టెస్ట్‌లోనే టిక్ జబ్బులన్నీ తేలిపోతాయన్నది ఇంకో భ్రమ. పాడేరు వైపు రెండేళ్లు మలేరియా స్లైడ్లు చూసిన కళ్లు నావి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒకాయన ఎర్రకణాల్లో ఉంగరాలు చూసి ఫాల్సిపారం మలేరియా అనేశాను. "ఈయన దేశం దాటాడా?" అంది మా సూపర్‌వైజర్. దాటలేదు, పెరట్లో గడ్డి కోశాడంతే. స్లైడ్ కొంచెం జరిపి, నాలుగు చుక్కలు శిలువలా అతుక్కున్న కణం చూపించింది. బబీసియా, టిక్ కాటుతోనే ఎక్కే ఇంకో పరాన్నజీవి. ఆయన లైమ్ రిపోర్టు మాత్రం నెగటివే.