ముప్పై ఏళ్ల తర్వాత తెరిచే పేజీ: స్క్రాప్‌బుక్ అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా విశాఖపట్నంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని స్క్రాప్‌బుక్‌లు, అంటే ఫొటోలు, గుర్తులు పెట్టి పక్కన వాటి కథ రాసే ఆల్బములు, చేస్తున్నాను. బారసాల, అన్నప్రాసన, ఓణీల ఫంక్షన్, పెళ్లి, షష్టిపూర్తి, ఏ వేడుకకు అడిగినా మొదలుపెట్టే ముందు ఒక్కటే ఆలోచిస్తాను. ముప్పై ఏళ్ల తర్వాత ఈ పుస్తకం తెరిచే మనిషికి ఏం దొరకాలి? ఆ మనిషి ఇప్పుడు ఉయ్యాల్లో ఉన్న పాప కావచ్చు, ఇంకా పుట్టని మనవడు కావచ్చు. ఆ మనిషిని మనసులో పెట్టుకుని చూస్తే, నాకు రోజూ వినిపించే మాటల్లో చాలావరకు నిలబడవు.

అపోహ: "నాకు బొమ్మలు వేయడం రాదండీ, ఇది నా వల్ల కాదు."

పేజీకి కావాల్సింది బొమ్మ కాదు, రాత. అన్నప్రాసన ఫొటోలో పాప పాకుతూ ఉంటుంది, ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు ఉంటాయి. మొదట దేని మీద చెయ్యి వేసింది? తొలి ముద్ద పెట్టిన మేనమామ రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చాడా? పాయసం ఊసేస్తే నాయనమ్మ ఏమంది? ఇవేవీ ఫొటో చెప్పదు. నాలుగు వాక్యాలు మీ చేతిరాతతో రాయండి. అక్షరాలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు. అమ్మ చేతిరాత ఎలా ఉండేదో కూడా ఆ పాపకు మిగులుతుంది.

పేర్లు మాత్రం పూర్తిగా రాయాలి. "అత్తయ్యతో" అని రాస్తే, ఏ అత్తయ్యో రేపు ఎవరికీ తెలియదు. పేరు, వరస, ఊరు, తేదీ ఉండాలి. ఒకసారి షష్టిపూర్తి ఆల్బమ్ కోసం ఒక కుటుంబం ఆ దంపతుల పెళ్లినాటి నలుపు తెలుపు ఫొటో తెచ్చింది. అందులో పద్నాలుగు మంది ఉన్నారు. ఆరుగురి పేర్లు ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పగలిగిన పెద్దమ్మ అంతకు ముందు ఏడాదే పోయారట. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు రంగుల గురించి అడగను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఎవరు, పాత ఫొటోలు పట్టుకుని వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోగలరా అని అడుగుతాను.

రాయడానికి పిగ్మెంట్ ఇంకు పెన్ను వాడండి. అది తడికి పాకదు, త్వరగా వెలిసిపోదు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, ఆ నొక్కు ముందువైపు ముఖాల మీద తేలుతుంది.

అపోహ: "జిగురు ఏదైనా ఒకటే."

మా అమ్మాయి మొదటి పుట్టినరోజు పేజీ తెల్ల జిగురుతో అంటించాను. తెల్లారేసరికి కాగితం అలలు అలలుగా లేచింది. ఆ జిగురులో నీళ్లుంటాయి, అవి తగలగానే కాగితం ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ చదునుగా రాదు. సెల్లో టేపు ఇంకా నష్టం. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, పసుపు మరక మాత్రం ఉండిపోతుంది. మైదా ఉడికించిన జిగురు పురుగులకు ఆహారం. అందుకే బైండింగ్ చేసేవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు, కానీ దాన్ని ఫొటోల దగ్గరికి రానివ్వకూడదు.

యాసిడ్ లేని డబుల్ సైడ్ టేపు మంచిదే. నన్నడిగితే మన తాతల ఆల్బముల్లో ఉండే ఫొటో కార్నర్లను, అంటే ఫొటో మూలలను పట్టి ఉంచే చిన్న జేబులను, మించింది లేదు. ఫొటోకు జిగురే తగలదు, కావాలనుకున్నప్పుడు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

అపోహ: "లామినేషన్ చేయిస్తే ఇక ఢోకా లేదు."

ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. గర్భంతో ఉన్నప్పుడు తీసిన స్కానింగ్ ఫొటోను ఒక అమ్మాయి జాగ్రత్త కోసమని లామినేషన్‌కు ఇచ్చింది. తిరిగి వచ్చింది నల్లటి ముక్క. ఆ ప్రింటు థర్మల్ పేపరు, వేడి తగిలితే నల్లబడే కాగితం. లామినేషన్ మెషీన్ పని చేసేదే వేడితో. బిడ్డ తొలి రూపం ఒక్క నిమిషంలో పోయింది. లామినేషన్ చేయించకపోయినా థర్మల్ ప్రింటు కొన్నేళ్లకు వెలిసిపోతుంది. మెషీన్‌లోంచి వచ్చే బస్సు టికెట్లు, షాపు బిల్లులు కూడా అంతే. అందుకని ఇంటికి తేగానే స్కాన్ చేయించి, మామూలు ఫొటో పేపరు మీద ప్రింటు తీయించి, దాన్ని ఆల్బమ్‌లో పెట్టండి.

మామూలు ఫొటోలకు, ఉత్తరాలకు కూడా లామినేషన్ వద్దంటాను. ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్‌ను చింపకుండా తీయలేం. కవరు కావాలంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది తీసుకోండి. కొత్త రెయిన్‌కోటు లాంటి ఘాటు వాసన వస్తే అది పీవీసీ అనే మరో రకం ప్లాస్టిక్ అయ్యుండవచ్చు, ఫొటోలకు మంచిది కాదు.

అపోహ: "పాత అంటుకునే పేజీల ఆల్బమ్‌లో ఫొటోలు భద్రంగానే ఉన్నాయి."

1980ల్లో, 90ల్లో ప్రతి ఇంట్లో ఉండేవి, జిగురు చారలున్న పేజీ, పైన ప్లాస్టిక్ షీటు. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఫొటో వెనక గట్టిపడుతుంది. ఫొటో తేలిగ్గా వస్తుంటే ఇప్పుడే తీసేయండి. రాకపోతే లాగకండి. ముందు ఉన్నది ఉన్నట్టుగా స్కాన్ చేయండి. తర్వాత మైనం లేని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగుతూ వెళ్లండి. ఫ్రేములో అద్దానికి అంటుకున్న ఫొటో అయితే అద్దంతో సహా స్కాన్ చేసి అక్కడితో ఆపండి.

అపోహ: "మందంగా ఉంటే మంచి కాగితమే."

మందం వేరు, మన్నిక వేరు. న్యూస్‌పేపర్‌ను వారం రోజులు ఎండలో పెట్టి చూడండి, పసుపెక్కుతుంది. కారణం కలప గుజ్జులోని లిగ్నిన్. అది, ఆమ్లం ఉన్న కాగితం ఎంత మందమైనా పెళుసుబారుతుంది, పక్కనున్న ఫొటోనూ పాడుచేస్తుంది. పొట్లం మీద యాసిడ్ లేదు, లిగ్నిన్ లేదు అని రెండూ ఉన్నాయా చూసుకోండి. పేజీకి 200 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) సరిపోతుంది. పన్నెండు అంగుళాల చదరం దొరక్కపోతే ఏ4 చాలు. హ్యాండ్‌మేడ్ అని రాసినంత మాత్రాన యాసిడ్ లేనట్టు కాదు, అదీ అడిగి కొనాలి.

అపోహ: "శుభలేఖ, అక్షింతలు, పూలు అన్నీ పేజీలోనే అంటించాలి."

శుభలేఖ మూలల్లో పసుపు ఉంటుంది. అది ఎదురు పేజీ ఫొటోకు అంటుకుంటుంది. శుభలేఖను కవరులో పెట్టండి. అక్షింతలకు పురుగు పడుతుంది, పైగా గింజల నొక్కులు ఎదురు పేజీ మీద పడతాయి. వాటిని ఫొటో తీసి పెడితే సరిపోతుంది. పూలను బరువైన పుస్తకం కింద రెండు మూడు వారాలు పూర్తిగా ఆరనిచ్చి, విడిగా కవరులో ఉంచాలి. స్టాప్లర్ పిన్నులు, క్లిప్పులు అసలు వద్దు. మా సముద్రగాలికి అవి ఎంత త్వరగా తుప్పు పడతాయో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

చమ్కీలు, కుందన్లు ఎక్కువైతే ఎదురు పేజీ గీసుకుపోతుంది. ఇంతకు మించి వాటి గురించి చెప్పడానికి లేదు.

అపోహ: "ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, ఎప్పుడైనా ప్రింటు తీయించుకోవచ్చు."

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. చుట్టాలను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. 4×6 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 1200×1800 పిక్సెళ్లు కావాలి, 8×10కి 2400×3000. వెయ్యి ఫొటోల్లో ఏది దాచుకోవాలో ఆ వేడుక అయిన నెలలోపే తేల్చుకోండి. పేజీకి రెండు మూడు చాలు.

అపోహ: "ఆల్బమ్ పాడవకుండా అటక మీద పెట్టాలి."

అటక మీద వేడి ఎక్కువ, బయటి గోడ పక్కన చెమ్మ ఎక్కువ. ఇంటి మధ్య గదిలో బీరువా మంచిది, వానాకాలంలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చాలి. మా ఇంట్లో ఆల్బములు పిల్లలకు అందే అరలోనే ఉంటాయి. పండక్కి అందరూ చేరినప్పుడు తీస్తాం, ఎవరికో ఒకరికి మరిచిపోయిన పేరో, మాటో గుర్తొస్తుంది. అందుకే ప్రతి పేజీ కింద రెండు అంగుళాలు ఖాళీ వదులుతాను. పెన్ను ఆల్బమ్‌తో పాటే ఉంటుంది.