సన్నని డైవ్ వాచీలు: అపోహలు - వాస్తవాలు

వాచీలు విప్పి బాగుచేయడం నా వృత్తి. పాతకాలపు తీరులో పొందికగా ఉన్న డైవ్ వాచీని (నీటి లోతుల్లోకి దిగేవారి కోసం చేసే వాచీని) చేతికి పెట్టుకుని ముచ్చటపడినవారే, చివరికి లావుపాటిది కొనుక్కుని వెళ్లడం తరచూ చూస్తుంటాను. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: సన్నదైతే నీరు దిగుతుందన్న భయం.

అపోహ: కేసు, అంటే వాచీ బయటి డొక్కు, మందంగా ఉంటేనే నీరు దిగదు.

నీటిని ఆపేవి గాస్కెట్లు. అద్దం చుట్టూ ఒకటి, వెనక మూత కింద ఒకటి, క్రౌన్ (టైమ్ సరిచేసే పక్క బిరడా) దగ్గర ఒకటో రెండో ఉంటాయి. మూత తీస్తే కనిపించేది సన్నటి నల్ల రబ్బరు చుట్టు మాత్రమే. అది గుండ్రదనం పోయి చదునుగా అణిగిపోయినా, పగుళ్లు పట్టినా, కేసు ఎంత లావున్నా లోపలికి తేమ చేరుతుంది. మందానికీ పని ఉంది: ఒత్తిడికి అద్దం, మూత వంగకుండా కాయడం. కానీ ఆ అవసరం బాగా పెరిగేది వందల మీటర్ల లోతులకు. సరదాగా స్కూబా చేసేవారికి హద్దు 40 మీటర్లు. డైవ్ వాచీల ప్రమాణమైన ఐఎస్ఓ 6425 కనీసం 100 మీటర్లు అడుగుతుంది, పైగా రాసిన లోతుకంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించమంటుంది. ట్యూడర్ బ్లాక్ బే 54 వెడల్పు 37 మిల్లీమీటర్లు, మందం 11.2. అయినా 200 మీటర్లకు తట్టుకుంటుంది.

అపోహ: వెడల్పు ఎంతో తెలిస్తే చాలు.

నన్నడిగితే వెడల్పు చివర చూడాల్సిన అంకె. ముందు పట్టీ తగిలించే పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా కొలవండి. ఆ పొడవు మీ మణికట్టు పైభాగపు చదునును దాటితే, 38 మిల్లీమీటర్ల వాచీ కూడా చేతిమీద పరాయిదిగానే కనిపిస్తుంది. తర్వాత మందం. అది చాలావరకు లోపలి యంత్రంతోనే మొదలవుతుంది: సీకో ఎన్‌హెచ్35 మందం 5.32 మిల్లీమీటర్లు, ఈటీఏ 2824-2ది 4.6, ఈటీఏ 2892-ఎ2ది 3.6. చొక్కా చేతికింద దూరుతుందా లేదా అన్నది ఇలాంటి ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరే తేలుతుంది. ఉబ్బెత్తు అద్దాన్ని కలిపి కొలిచారో లేదో కూడా కనుక్కోండి. కొందరు దాన్ని వదిలేసి మందం చెబుతారు.

అపోహ: పాత డైవ్ వాచీలన్నీ చిన్నవే.

1965లో వచ్చిన సీకో మొదటి డైవ్ వాచీ సుమారు 38 మిల్లీమీటర్లే, నిజమే. కానీ 1953 నాటి బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ 40 దాటింది. పాత అందమంతా బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే అంచు), డయల్, కొమ్ముల మధ్య పొంతనలో ఉంది.

అపోహ: ఈదేటప్పుడు చెయ్యి విసిరితే ఒత్తిడి ఎన్నో రెట్లవుతుంది.

సెకనుకు 10 మీటర్ల వేగంతో విసిరినా పెరిగేది అర బార్, అంటే 5 మీటర్ల లోతుకు సమానం. నీళ్లలో ఎవరి చెయ్యీ అంత వేగంగా కదలదు. బిగించడం మరచిన క్రౌన్ ఇంతకంటే ఎంతో ప్రమాదకరం.

అపోహ: హీలియం వాల్వ్ లేకపోతే అసలైన డైవ్ వాచీ కాదు.

వాచీలోకి చేరిన హీలియంను బయటికి వదిలే చిన్న కవాటం అది. హీలియం కలిపిన గాలి నిండిన గదుల్లో రోజులతరబడి ఉండే వృత్తి డైవర్లకే అది కావాలి. మిగతావారికి అనవసరం.

సన్నదనం కోసం దశాబ్దాల నాటి అసలు వాచీనే కొంటున్నారా? డయల్ మీద ఎన్ని మీటర్లని ఉన్నా, గాస్కెట్లు మార్పించి, ప్రెషర్ పరీక్ష చేయించేదాకా చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.