ముద్దుపేరులో కుక్కకు వినిపించేది ఏమిటి?

పెంపుడు కుక్కకు టీకాల పుస్తకంలో రాయించే పేరు ఒకటైతే, ఇంట్లో పొద్దస్తమానం వినిపించే పేర్లు అనేకం. మా కుక్క పేరు బ్రూనో. ఏడాది తిరిగేసరికి అది బ్రూనీ అయింది. ఆ తరువాత నోటికి అడ్డం వస్తున్న క్రారవడి, అంటే ర వత్తు, జారిపోయి బున్నీ, అక్కడి నుంచి బున్నూ, బుజ్జిబున్నూ, గారాబం మరీ ముదిరినప్పుడు ఉత్త బుబ్బూ. వీటిలో ఏదీ ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన పేరు కాదు. విచిత్రమేమిటంటే దేనితో పలకరించినా అది తోక ఊపుతుంది. ఇన్ని పేర్లూ తనవేనని దానికి తెలుసా, లేక గొంతులోని గారాబాన్ని మాత్రమే పోల్చుకుంటోందా అన్న సందేహం కుక్కను పెంచే ప్రతి ఇంట్లోనూ వచ్చేదే. దానికి జవాబు చెప్పగలిగే ప్రయోగాలు గత పాతికేళ్ళలో కొన్ని జరిగాయి.

ముందు మన నోటి సంగతి చూద్దాం. ముద్దుపేరు పుట్టడంలో ఒక వరస ఉంది. పేరులోని సంయుక్తాక్షరం రాలిపోతుంది, మిగిలిన హల్లుకు ద్విత్వం వస్తుంది, చివర ఇకారమో ఉకారమో చేరుతుంది, ఇంకా ముద్దొస్తే తొలి అక్షరమే రెండుసార్లు పలుకుతుంది. చిట్టి, బుజ్జి, చిన్ని, బుల్లి అన్న మాటలు పసిపిల్లల కోసం ఏ మూసలో తయారయ్యాయో, కుక్కల ముద్దుపేర్లూ ఆ మూసలోంచే వస్తాయి. ఇకారానికీ చిన్నతనానికీ ఉన్న బంధుత్వం ఊహ కాదు. భాషా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1929లో ప్రచురించిన ప్రయోగంలో మిల్, మల్ అనే అర్థం లేని రెండు మాటలిచ్చి, ఒకటి పెద్ద బల్ల పేరు, ఒకటి చిన్న బల్ల పేరు అనుకుంటే ఏది దేనిదని అడిగితే, అత్యధికులు మిల్ చిన్న బల్లదే అన్నారు. మరో భాషా శాస్త్రవేత్త జాన్ ఒహాలా దీన్ని జంతువుల గొంతులతో కలిపి వివరించాడు. సన్నని ధ్వని చిన్న శరీరాన్నీ అపాయం లేకపోవడాన్నీ తెలిపితే, లోతైన ధ్వని పెద్ద శరీరాన్నీ బెదిరింపునూ తెలుపుతుంది. గుర్రుమనే కుక్క గొంతు దించుతుంది, ప్రాధేయపడే కుక్క సన్నగా కుయ్యిమంటుంది. నలభై కిలోల జంతువును పట్టుకుని "చిట్టీ" అని పిలిచే మనిషి, తెలిసో తెలియకో, దాని వ్యాకరణంలోనే మాట్లాడుతున్నాడన్నమాట.

అయితే పసిపాపతో మాట్లాడే గొంతూ కుక్కతో మాట్లాడే గొంతూ పూర్తిగా ఒకటి కావు. డెనిస్ బర్న్‌హామ్ బృందం 2002లో తల్లులు తమ బిడ్డలతోనూ, పెంపుడు జంతువులతోనూ, పెద్దవాళ్ళతోనూ మాట్లాడిన మాటలను కొలిచి చూసింది. బిడ్డతో మాట్లాడినా జంతువుతో మాట్లాడినా గొంతు సన్నబడింది, ఆప్యాయత పెరిగింది. కానీ అచ్చులను విడదీసి, సాగదీసి, స్పష్టంగా పలకడం మాత్రం బిడ్డల దగ్గరే కనిపించింది. రేపు మాట్లాడబోయే ప్రాణికి తల్లి అడగకుండానే ఉచ్చారణ పాఠం చెబుతోంది. కుక్క ఎన్నటికీ మాట్లాడదు కనుక దానికి ఆ పాఠం లేదు, గారాబం ఒక్కటే ఉంది.

ఆ గారాబాన్ని కుక్క లెక్కచేస్తుందా అన్న దగ్గర ఫలితాలు కొంచెం తికమకపెట్టాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, కుక్కల ఫొటోలు చూస్తూ మాట్లాడిన స్త్రీలు కుక్క ఏ వయసుదైనా గొంతు సన్నం చేశారు. ఆ రికార్డింగులు వినిపిస్తే కుక్కపిల్లలు ఉత్సాహంగా స్పందించాయి, ఎదిగిన కుక్కలు మాత్రం మామూలు మాటకూ దీనికీ పెద్ద తేడా చూపలేదు. మరుసటి ఏడాది యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే ప్రశ్నను మరో రకంగా అడిగారు. ఈసారి గొంతు ఎక్కడి నుంచో కాక, కుక్క ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర నుంచి వచ్చింది. కొన్నిసార్లు గారాబపు స్వరంలో కుక్కకు సంబంధించిన మాటలు వినిపించాయి, కొన్నిసార్లు మామూలు స్వరంలో వేరే మాటలు. ఎదిగిన కుక్కలు మొదటిరకం మనిషి దగ్గర ఎక్కువసేపు గడిపాయి. స్వరమూ మాటలూ తారుమారు చేసినప్పుడు ఆ మొగ్గు పోయింది. నా మటుకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఈ చివరి విషయమే. స్వరం ఒక్కటే చాలదు, మాట ఒక్కటే చాలదు.

ఇదే సంగతి బుడాపెస్ట్‌లోని ఓట్వాష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో మెదడు చిత్రాల్లోనూ కనిపించింది. అక్కడి పరిశోధకులు 13 కుక్కలకు ఎం.ఆర్.ఐ. యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పారు. మత్తుమందు లేదు, కట్లు లేవు. ఎంత చప్పుడు చేసే యంత్రమో ఒక్కసారైనా అందులో పడుకున్నవారికి తెలుసు, కాబట్టి అసలు ఘనకార్యం అదేనేమో. మెచ్చుకోలు మాటలనూ, వాక్యాలను కలపడానికి తప్ప ఎందుకూ పనికిరాని అవ్యయాలనూ మెచ్చుకోలు స్వరంతో ఒకసారి, చప్పటి స్వరంతో ఒకసారి వినిపించారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మెదడులో ఆనందానికి, ప్రతిఫలానికి సంబంధించిన భాగం బలంగా చలించింది ఒక్క సందర్భంలోనే: మాటా స్వరమూ రెండూ మెచ్చుకోలువే అయినప్పుడు. కూరగాయల జాబితాను ముద్దుగా చదివినా కుక్క మురిసిపోతుందని నవ్వేవాళ్ళు ఇక కొంచెం తగ్గాలి.

మరి బ్రూనో అన్న మాట బున్నూగా అరిగిపోయినా కుక్క ఎలా పోల్చుకుంటుంది? దీనికీ అదే విశ్వవిద్యాలయంలో ఒక ఆధారం దొరికింది. 2020లో అక్కడివారు కుక్కల తలమీద విద్యుత్ తరంగాలను నమోదు చేసే పలకలు అతికించి మూడు రకాల మాటలు వినిపించారు: బాగా తెలిసిన ఆజ్ఞలు, వాటిలో ఒక్క ధ్వని మాత్రం మార్చిన అర్థం లేని మాటలు, బొత్తిగా పోలిక లేని అర్థరహితమైన మాటలు. తెలిసిన మాటకూ పోలిక లేని మాటకూ మెదడు స్పందనలో తేడా వెంటనే కనిపించింది. ఒక్క ధ్వని మారిన మాటను మాత్రం మెదడు విడిగా లెక్కపెట్టినట్టు కనిపించలేదు. ఇది చెవి లోపం కాదు, మనకు 20,000 హెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోయే వినికిడి కుక్కకు 45,000 దాకా సాగుతుంది. మాటలోని ప్రతి ధ్వనినీ పట్టించుకోవలసిన అవసరం దానికి రాకపోయి ఉండవచ్చు. ముద్దుపేర్లు ఒక్కొక్క అక్షరమే అరుగుతూ వస్తాయి కనుక, ఏ మెట్టు దగ్గరా కుక్కకు కొత్త పేరు నేర్చుకుంటున్నట్టే ఉండదని నా అనుమానం. బ్రూనోను ఏకంగా బుబ్బూ చేసి ఉంటే మా కుక్క తలెత్తేది కాదేమో.

ఒకదానికి రెండు పేర్లుండడం కూడా కుక్కకు కొరుకుడుపడని విషయం కాదు. అమెరికాలో జాన్ పిల్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెంచిన చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. 2011లో వెలువడిన వ్యాసం ప్రకారం, ఒక్కో బంతికీ దాని సొంత పేరుతో పాటు బంతి అన్న జాతిపేరు కూడా ఉందని దానికి తెలుసు. చేజర్ అందరి ఇళ్ళలో ఉండేపాటి కుక్క కాదు, నిజమే. కానీ సొంత పేరు విషయంలో మామూలు కుక్కలూ గట్టివే. 2019లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనం గోల మధ్య, అపరిచితమైన గొంతుతో, కుక్క పేరునూ అదే ఊపున్న వేరే పేరునూ వినిపిస్తే, గోల పేరుతో సమానమైన స్థాయిలో ఉన్నప్పుడు కూడా కుక్కలు తమ పేరువైపే ఎక్కువసేపు చెవి ఒగ్గాయి.

అసలు పేరుకూ ముద్దుపేరుకూ తేడా నాకు ధ్వనిలో కంటే దాని వెనక వచ్చే దానిలో కనిపిస్తుంది. పేరు పిలవడం కోసం పుట్టింది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫోన్ వేటకుక్కలకు తేలికగా పిలవగలిగే పొట్టి పేర్లు పెట్టమని చెప్పి 40కి పైగా పేర్లు ఏకరువు పెట్టాడు. రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా పేరు మరీ పొడుగు వద్దు, రెండక్షరాలకు తక్కువా వద్దు అన్నాడు. పేరు వినబడిన తరువాత ఒక పని ఉంటుంది: రావాలి, ఆగాలి, నోట్లోది వదలాలి, స్నానానికి నడవాలి. ముద్దుపేరు తరువాత అలాంటిదేమీ ఉండదు. మహా అయితే మెడ మీద ఒక చెయ్యి పడుతుంది. ఏ ధ్వని వెనక ఏది వస్తుందో కూర్చుకుని నేర్చుకునే ప్రాణికి ఈ రెండూ పర్యాయపదాలు కావు, రెండు వేర్వేరు వార్తలు. కోప్పడేటప్పుడు పేరు వాడవద్దని శిక్షకులు చెప్పడంలోని కిటుకు కూడా ఇదే. పేరు వెనక చేదు చేరితే, ఆ తరువాత పిలిచినా కుక్క మంచం కిందికే పోతుంది.

ఒక సాయంత్రం మా కుక్క కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నప్పుడు, కుర్చీలోంచి కదలకుండా, వీలైనంత ఒకే స్వరంలో మూడు మాటలు అని చూశాను. ఒక్క కుక్కతో ఒక్క సాయంత్రం చేసినది ప్రయోగం అనిపించుకోదని తెలిసే చేశాను. ముందు "గుమ్మం" అన్నాను, ఒక చెవి మెదిలింది, అంతే. కాసేపాగి "బున్నూ" అన్నాను. తోక కొస రెండుసార్లు నేలను తట్టింది, కళ్ళు మాత్రం తెరవలేదు. మరికాసేపటికి "బ్రూనో" అన్నాను. తల ఎత్తింది, ముందుకాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకుంది, లేచి వచ్చి ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూసింది. చెప్పడానికి నా దగ్గర పనేమీ లేదు. మళ్ళీ "బున్నూ" అన్నాక, వెనక్కి వెళ్ళి పడుకుంది.