కఫానికి ఆ పచ్చరంగు ఎక్కడిది?

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మ రక్తం ములుగులో తీసి బస్సులో హన్మకొండ ల్యాబుకు పంపారు. రిపోర్టులో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఉండాల్సినదానికి రెట్టింపుకు పైగా ఉంది. ఫోన్లో వెతికిన తమ్ముడు 'లింఫోమా' అన్న క్యాన్సర్ పేరు దగ్గర ఆగిపోయాడు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. "నాకేం కాలే బిడ్డా, ఆ సీసకే ఏమో అయింది" అంది చిన్నమ్మ. మళ్లీ తీస్తే అంతా మామూలే! మొదటి ట్యూబులో రక్తం గడ్డకట్టాక పైకి తేరిన నీరు, అంటే సీరం, పసుప్పచ్చగా కాక ఎర్రగా ఉందట. ఎర్రకణాలు పగిలాయన్నమాట. సీరంలో కంటే వాటి లోపల ఎల్‌డీహెచ్ వంద రెట్లకు పైగా ఉంటుంది.

ఈ ఎంజైము వీధికుక్క లాంటిది. ఎవరో వచ్చారని అరుస్తుంది, ఎవరో చెప్పదు. గుండె, కాలేయం, కండరం, ఎక్కడ కణాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. లింఫోమా అని తేలాక తీవ్రతను అంచనా కట్టడానికి మాత్రం పనికొస్తుంది.

నాకు మోజు మైలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము మీద. జలుబు ముదిరితే కఫం పచ్చబడేది దీని రంగుతోనే. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లో ఇది హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసి క్రిములను చంపుతుంది. బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్రిములను చంపేదీ ఆ ఆమ్లమే.

లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఎముక మజ్జ నిండా ముదరని కణాలు, బ్లాస్టులు. సూక్ష్మదర్శినిలో ఒక్కోసారి ఏ రకమో పోల్చలేం. రంగు వేసి చూసినప్పుడు నూటికి మూడింటిలోనైనా మైలోపెరాక్సిడేజ్ కనబడితే మైలాయిడ్ రకమని లెక్క. కనబడనంత మాత్రాన కాదనలేం. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకాన్ని పట్టిచ్చేది టీడీటీ. యాంటీబాడీ జన్యువుల అతుకుల దగ్గర ఇష్టమొచ్చిన డీఎన్ఏ అక్షరాలు చేర్చే ఎంజైము ఇది. కణం ముదిరాక ఉండదు. అందుకే రక్తంలో టీడీటీ ఉన్న కణాలు గుంపుగా కనబడితే డాక్టర్లు ఉలిక్కిపడతారు. రకాన్ని బట్టే మందులు మారతాయి.

చిత్రమేమంటే, మైలోపెరాక్సిడేజ్ పేరు ఇంకో పరీక్షలోనూ వినబడుతుంది. అక్కడ వెతికేది ఎంజైమును కాదు, దాని మీదికి ఒళ్లే తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి ఉంటే, సన్న రక్తనాళాలు వాచి మూత్రపిండాలను, ఊపిరితిత్తులను దెబ్బతీసే వాస్కులైటిస్ ఉందేమోనని చూస్తారు. రిపోర్టులో 'యాంటీ' అన్న ముక్క వదిలేసి చదివితే జబ్బే మారిపోతుంది.

థైరాయిడ్ వాళ్లకు తెలిసిన యాంటీ టీపీఓ కూడా ఈ కోవదే. టీపీఓ థైరాయిడ్ హార్మోన్ తయారీలో పనిచేసే ఎంజైము, మైలోపెరాక్సిడేజ్‌కు చుట్టం. చిన్నమ్మకు యాంటీ టీపీఓ పాజిటివ్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ మామూలు. డాక్టర్ మందు రాయలేదు. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోమన్నారు, అంతే.