పెద్ద టైర్లు వేశాక మైలేజీ ఎక్కడికి పోతుంది?

అమెరికాలో పికప్ ట్రక్కుని ఎత్తు లేపి, పెద్ద టైర్లు వేయించుకోవడం చాలామందికి ఇష్టమైన సరదా. సస్పెన్షన్‌లో రెండు మూడు అంగుళాల లిఫ్ట్ కిట్ పెడతారు. కంపెనీ టైర్లు తీసేసి 35 అంగుళాల ఎత్తుండే మడ్ టైర్లు, అంటే బురదలో పట్టు కోసం చేసినవి, ఎక్కిస్తారు. బండి నిజంగానే రాజసంగా కనిపిస్తుంది. ఆ తర్వాత బంకులో లెక్క తేడా కొడుతుంది. గాలన్‌కి 18 మైళ్ళు ఇచ్చిన బండి 14 దగ్గర ఆగిందనుకుందాం. మన కొలతలో లీటరుకి ఏడున్నర కిలోమీటర్లు కాస్తా ఆరయిందన్నమాట.

వెంటనే నింద బరువు మీద పడుతుంది. పెద్ద టైర్లు కదా, ఇంజన్ మోయలేకపోతోంది అంటారు. బరువు వాటా ఉన్నమాట నిజమే కానీ అది చిన్నది. పోయాయనుకున్న ఆ నాలుగు మైళ్ళలో ఒకటికి పైగా అసలు పోనే లేదు. ఇంకొంత, డ్రైవరుకి తెలియకుండానే పెరిగిన వేగం వల్ల పోయింది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గాలీ, రబ్బరూ తింటున్నాయి.

ముందు, పోనిదాని సంగతి చూద్దాం. టైరు పక్క గోడ మీద 265/70 ఆర్17 లాంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ పక్క గోడ ఎత్తు వెడల్పులో 70 శాతం అని, అంటే 185.5 మిల్లీమీటర్లు. 17 అంగుళాలు రిమ్ము కొలత, అది 431.8 మిల్లీమీటర్లు. రిమ్ముకి పైన ఒక గోడ, కింద ఒక గోడ కలుపుకుంటే టైరు మొత్తం ఎత్తు 803 మిల్లీమీటర్లు. దీని బదులు షాపుల్లో వాడుకగా 35 అనే 315/70 ఆర్17 వేస్తే అదే లెక్కలో 873 వస్తుంది. అంటే చక్రం తిరిగే ఒక్కో చుట్టుకీ బండి 8.7 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది.

ఈ మార్పు ఓడోమీటర్‌కి తెలియదు. అది లెక్కపెట్టేది చుట్లని. ఆ చుట్లని పాత టైరు చుట్టుకొలతతో గుణించి దూరం చూపిస్తుంది. అందుకే నిజంగా 100 మైళ్ళు నడిచిన బండి 92 అంటుంది. ఆ తక్కువ దూరాన్ని పోయించిన పెట్రోలుతో భాగించినప్పుడు వచ్చిందే 14. దాన్ని 8.7 శాతం పెంచితే 15.2. ఇదీ ఆ బండి అసలు మైలేజీ.

దీన్ని ఎవరి బండి మీద వాళ్ళు సరిచూసుకోవచ్చు. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల పక్కన మైలు మైలుకీ చిన్న ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. ఒక బోర్డు దగ్గర ట్రిప్ మీటర్‌ని సున్నా చేసి, పది మైళ్ళ తర్వాత వచ్చే బోర్డు దగ్గర చూస్తే 9.2 కనిపిస్తుంది. మన హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీది కిలోమీటరు రాళ్ళతోనూ ఇదే పరీక్ష చేయవచ్చు. తేడా ఎంతో తెలిశాక చాలా బండ్లలో కొత్త టైరు కొలతని కంప్యూటర్‌లో ఎక్కించేయవచ్చు. లిఫ్ట్ చేయించినవాళ్ళు అన్నిటికన్నా ముందు చేయించుకోవాల్సిన పని ఇదేనని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఈ తప్పు ఓడోమీటర్‌తో ఆగదు.

స్పీడోమీటర్ కూడా అదే చుట్ల లెక్క మీద నడుస్తుంది. ముల్లు 70 మీద ఉంటే బండి 76లో పోతుంటుంది. డ్రైవరు తన పాత అలవాటు ప్రకారమే, అదే లేనులో, అదే అంకె చూసుకుంటూ నడుపుతుంటాడు. కానీ గాలి ఎదురుతోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం 8.7 శాతం పెరిగితే ఆ తోపు 18 శాతం పెరుగుతుంది. లిఫ్ట్ కిట్ వల్ల పోయిందనుకున్న పెట్రోలులో కొంత నిజానికి ఇలా పోతోంది. మీటరు సరిచేయించుకుని పాత వేగానికి వస్తే ఆ భాగం తిరిగి వచ్చేస్తుంది. బ్రేకు పడాల్సిన దూరం, స్పీడ్ కెమెరాల టెన్షన్ సరేసరి.

ఇక నిజంగా పోతున్నది. సుమారు 2,300 కిలోల పికప్ గంటకి 65 మైళ్ళ వేగంతో సమతలంగా ఉన్న రోడ్డు మీద పోతుంటే, దాన్ని వెనక్కి లాగే బలంలో ఇంచుమించు మూడు వంతులు గాలిది, ఒక వంతు టైర్లది. అదే బండి ఊళ్ళో 25 మైళ్ళ వేగంతో పోతుంటే లెక్క తిరగబడుతుంది, టైర్ల లాగుడు గాలి కన్నా రెండింతలు ఉంటుంది. కాబట్టి హైవే మీద తిరిగే బండికి గాలే ముఖ్యం.

పికప్ అంటేనే గాలికి అడ్డంగా నిలబెట్టిన పెట్టె. కంపెనీలు దాన్ని ఎంతో కష్టపడి గాలికి ఒప్పిస్తాయి. ముందు బంపర్ కింద వేలాడే ప్లాస్టిక్ పట్టీ చాలామందికి పనికిరాని ముక్కలా కనిపిస్తుంది. అది గాలిని బండి అడుగుకి పోనివ్వకుండా పక్కలకి మళ్ళిస్తుంది. బండి ముందుభాగం వెనక కన్నా కాస్త కిందికి వాలి ఉండటం బరువు మోయడానికే కాదు, గాలికీ మేలు చేస్తుంది. లిఫ్ట్ చేస్తే ఆ పట్టీ రోడ్డుకి దూరమవుతుంది, రాళ్ళకి తగులుతుందని కొందరు దాన్ని పీకేస్తారు కూడా. అప్పుడు గాలి నేరుగా కిందికి దూరి ఇరుసులు, గేర్ల పెట్టె, స్ప్రింగులు, సైలెన్సర్ గొట్టం, అన్నింటినీ గుద్దుకుంటూ సుడులు తిరుగుతుంది. పైగా ఇదివరకు బంపర్ చాటున ఉన్న టైర్లు ఇప్పుడు ఇంకా వెడల్పై, పొడుగై, ఎదురుగాలికి నేరుగా నిలబడతాయి.

దీనికి ఫోర్డ్ కంపెనీ ట్రక్కే మంచి సాక్ష్యం. 2021 ఎఫ్-150 రాప్టర్‌ని 35 అంగుళాల టైర్లతోనూ, 37 అంగుళాల టైర్లతోనూ అమ్మారు. ఇంజన్ అదే, పది గేర్ల పెట్టె అదే, మీటర్లు ఫ్యాక్టరీలోనే సరిచేసి ఇచ్చినవి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంకెల ప్రకారం 35 టైర్ల బండికి ఊళ్ళో 15, హైవే మీద 18 మైళ్ళు. 37 టైర్ల బండికి 14, 16. ఊళ్ళో ఏడు శాతం తగ్గితే హైవే మీద పదకొండు శాతం తగ్గింది. అసలు దొంగ బరువే అయితే, ఆగుతూ కదులుతూ పోయే ఊళ్ళోనే ఎక్కువ తగ్గాలి. స్థిరమైన వేగంలో బరువైన చక్రాన్ని తిప్పుతూ ఉండటానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా కొద్ది.

బరువు లెక్క కూడా వేసి చూద్దాం. ఒక్కో టైరు పది కిలోలు పెరిగిందనుకుంటే నాలుగూ కలిపి నలభై. చక్రం అంచున ఉన్న బరువు ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి కాబట్టి వేగం అందుకునేటప్పుడు మహా అయితే రెండింతలుగా లెక్కకొస్తుంది. అంటే ఎనభై కిలోలు, వెనక సీట్లో ఇంకొకరు ఎక్కినంత. చక్రం మీద ఒక కిలో పెరిగితే బండి మీద పది కిలోలతో సమానం అనే మాట తరచూ వినిపిస్తుంది. మైలేజీ విషయంలో దానికి ఆధారం లేదు. బ్రేకులకీ, కుదుపులకీ మాత్రం ఆ బరువు నిజంగానే తేడా చేస్తుంది.

రబ్బరు సంగతి బరువు కన్నా పెద్దది. టైరు రోడ్డుకి ఆనిన ప్రతిసారీ ఒత్తుకుని, మళ్ళీ పైకి లేస్తుంది. ఒత్తడానికి ఇచ్చిన శక్తి అంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మారుతుంది. హైవే మీద గంటసేపు నడిపి ఆపి, మడ్ టైరు మీద అరచెయ్యి పెడితే తెలిసే వేడిలో చాలావరకు ట్యాంకులోంచి వచ్చిందే. మడ్ టైరు మీది లోతైన గాడులు, మందమైన రబ్బరు దిమ్మలు ఎంత వంగితే అంత వేడి. గాలి తక్కువ పట్టిస్తే ఇంకా ఎక్కువ. టైర్లలో గాలి ఒత్తిడి సగటున ఒక్క పీఎస్‌ఐ (బంకులో గాలి కొలిచే అంకె) తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. కాబట్టి బురదలోకి ఏడాదికి ఎప్పుడో దిగేవాళ్ళకి మడ్ టైరు దండగ. రోడ్డుకీ, మట్టిదారికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరెయిన్ టైరు చాలు.

గేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. చక్రం పెద్దదైతే ఇంజన్ అదే వేగానికి తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి పెట్రోలు ఆదా కావాలి కదా అని అడుగుతారు. సమతలం మీద, నెమ్మదిగా పోతుంటే కొంత ఆదా అవ్వొచ్చు కూడా. కానీ ఇరుసులో 3.55 గేరు నిష్పత్తి ఉన్న బండి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్ల పెట్టె నుంచి వచ్చే రాడ్డు 3.55 చుట్లు తిరిగే బండి, ఈ కొత్త టైర్లతో 3.27 ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. చిన్న ఎత్తు రాగానే టాప్ గేరు లాగలేక ఒక గేరు కిందికి దిగుతుంది, ఎక్కాక మళ్ళీ పైకి వేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఈ ఊగిసలాటలోనే ఖర్చు. ట్రెయిలర్ లాగేవాళ్ళు 3.73కో 4.10కో గేర్లు మార్పించుకోవడం మంచిది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసూ, వెనక ఇరుసూ రెండూ మార్చాలి, ఖర్చు తక్కువేమీ కాదు.

మన దగ్గర ఈ సరదా ఎక్కువగా మహీంద్రా థార్ మీద చూస్తున్నాం. థార్‌కి వచ్చే 255/65 ఆర్18 టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 275/70 ఆర్18 వేస్తే 842. కంపెనీ స్పీడోమీటర్లు మామూలుగా కాస్త ఎక్కువ చూపిస్తాయి, ఆ వెసులుబాటు దీంతో కరిగిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముల్లుని నమ్ముకుని గంటకి 120 కిలోమీటర్ల హద్దు దగ్గరగా నడిపితే చలానా పడొచ్చు. ఇంకో సంగతి, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కిట్ కొనే ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

చట్టం ఒప్పుకునే చోట, ఎత్తు నిజంగా కావాల్సినవాళ్ళకి ఇంకో దారి ఉంది. 285/70 ఆర్17 టైరు ఎత్తు 831 మిల్లీమీటర్లు, 255/80 ఆర్17 ఎత్తు 840. రెండోది ఇంకా పొడుగు, అయినా వెడల్పు 30 మిల్లీమీటర్లు తక్కువ. ఇరుసు కింద రాళ్ళకి అందకుండా అంతే ఎత్తు దొరుకుతుంది, గాలికి ఎదురయ్యే రబ్బరు తగ్గుతుంది. అమెరికన్లు దీన్ని ముద్దుగా పిజ్జా కట్టర్ అంటారు. చూపులకి వెడల్పు టైరంత దిట్టంగా ఉండదు కాబట్టి కొనేవాళ్ళు తక్కువ. రాళ్ళదారిలో నడిపి, మళ్ళీ అదే బండిలో హైవే మీద ఇంటికి రావాల్సినవాళ్ళకి నేను చెప్పేది ఈ టైరే.